నాన్న దరువుకు 61 మార్కులు

కాజీపేట నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు ముప్పై మూడు. హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటారు. ఆదివారాలు చర్చి క్వయర్‌లో డ్రమ్స్ వాయిస్తారు. నేర్చుకున్నదంతా చెవితోనే. తండ్రికి అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో సైడ్ డ్రమ్ కొట్టిన మనిషి. ఊరేగింపుల్లోకి డీజే బండ్లు వచ్చాక బ్యాండు చెదిరిపోయింది, ఆయన డ్రమ్ సజ్జ మీదికి ఎక్కింది.

ఏడాది కింద ఈ పాఠకుడు వాడిన ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ ఒకటి కొన్నారు. యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి ఒక ప్రాక్టీస్ యాప్ పెట్టుకున్నారు. తెర మీద రంగు ముక్కలు జారుతూ వస్తాయి, గీతకు తగలగానే కొట్టాలి, చివర్లో మార్కులు పడతాయి. రోజూ గంట కూర్చుని 96 శాతం దాకా వచ్చారు. ఇంతలో క్వయర్‌కు కొత్త మాస్టారు వచ్చి, క్రిస్మస్ పాటలకు అచ్చయిన నొటేషన్ షీట్లు చేతిలో పెట్టారు. ఈయన ఒక్క బార్ (నిలువు గీతల మధ్య ఒక చుట్టు లెక్క) కూడా చదవలేకపోయారు. పక్కనున్న కీబోర్డు పిల్లాడు నవ్వాడట. ఆ రాత్రే నొటేషన్ రాసి వినిపించే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నారు. అప్పటి నుంచి కొత్త తలనొప్పులు: రెండు సాఫ్ట్‌వేర్లూ కలిపి తెరిస్తే ఒకదానికి కిట్ కనిపించదు. ఒక్క దెబ్బ కొడితే రెండు మోతలు వినిపిస్తాయి. కిట్ మీద వాయించింది నొటేషన్‌లోకి తెస్తే "కాగితం మీద చీమలు పాకినట్టు" ఉంటుంది, హై-హ్యాట్ (జంట తాళాలు) దెబ్బలు సగం కనిపించవు.

ఇక అసలు బాధ. అది ఆయన మాటల్లోనే ఇస్తున్నాను:

"బతుకమ్మ సెలవుల్ల ఒక సాయంత్రం నాన్నను కిట్ ముందట కూసోవెట్టిన అక్కా. ఆయనకు హెడ్‌ఫోన్స్ పడయి, చెవులు గుంజుతయంటడు. అందుకని బ్లూటూత్ స్పీకర్ పెట్టిన. యాప్‌ల అల్కటి పాఠం ఒకటి తీసిన. నాన్న కండ్లు మూసుకొని కొట్టిండు. ఆ ఊపుకు నాకు వెంట్రుకలు నిక్కబొడుసుకున్నయి. ఆఖర్ల తెర మీద 61 అని పడ్డది. 'గా డబ్బా నాకు మార్కులేసుడేంది రా' అని పుల్లలు పక్కకు వెట్టి లేషిండు. మళ్ల కిట్ దిక్కు రాలే."

తండ్రికి వచ్చిన దరువులన్నీ నొటేషన్‌లో రాసి పెట్టాలని ఈయన కోరిక. తండ్రి మాత్రం "రాస్తే దరువు సచ్చిపోతది బిడ్డా" అంటున్నారు. భార్య "పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకు" అంటోంది. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరుకు కిక్ పెడల్ (కాలితో తొక్కి కొట్టే డ్రమ్ము) చప్పుడు మీద కోపం. రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది వదలాలి, నాన్నను మళ్లీ అడగాలా వద్దా, రాయడం తప్పా అని ఉత్తరం ముగించారు.

తమ్ముడూ,

అక్కా అన్నారు కాబట్టి నేనూ ఇలాగే పిలుస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాన్నగారి మాట దగ్గర ఆగిపోయాను. రెండోసారి అంతకు కొన్ని వాక్యాల ముందున్న మాట దగ్గర ఆగాను. "బ్లూటూత్ స్పీకర్ పెట్టిన" అని మీరు రాసిన ముక్క అది. మీరు దాన్ని నడిచేదారిలో రాయిలా దాటేశారు. నా లెక్కలో మీ ఇంట్లో ఇన్నాళ్ల మౌనానికి సగం కారణం ఆ స్పీకరే.

ఎలాగో చెబుతాను. ప్రాక్టీస్ యాప్ క్లిక్ శబ్దం (లెక్క చెప్పే టిక్ టిక్) పంపగానే అది మీ వైరు హెడ్‌ఫోన్స్‌లో దాదాపు అదే క్షణంలో వినిపిస్తుంది. బ్లూటూత్‌లో అలా కాదు. శబ్దాన్ని మూట కట్టి, గాలిలో పంపి, అవతల మూట విప్పాలి. ఈ పనికి పదో వంతు సెకను నుంచి పావు సెకను దాకా పడుతుంది, స్పీకరును బట్టి ఇంకా ఎక్కువ కూడా. పాట వినేటప్పుడు ఈ ఆలస్యం మనకు తెలియదు. దరువు కొట్టేవాడికి అది కొంప ముంచే తేడా. ఇలాంటి యాప్‌లు కొన్ని పదుల మిల్లీసెకన్ల (సెకనులో వెయ్యో వంతులు) లోపల పడిన దెబ్బనే సరి అంటాయి. నాన్నగారు కళ్లు మూసుకున్నారు, అంటే తెర చూడలేదు, చెవిని నమ్మారు. చెవికి క్లిక్ ఆలస్యంగా చేరింది. దానికి సరిగ్గా కొట్టిన ప్రతి దెబ్బా యాప్ లెక్కలో ఆలస్యమే. మీకు 96 వచ్చేది వైరు హెడ్‌ఫోన్స్‌తో, యాప్‌ను వాటికి సరిచేసుకున్నాక. ఆయనకు 61 వచ్చింది ఆ సరిచేయడం లేకుండా, వేరే స్పీకరుతో. ఒకే పరీక్షకు మీరిద్దరూ కూర్చోలేదు.

పైగా అంత ఆలస్యంలోనూ 61 వచ్చిందంటే ఆయన మధ్యలో ఎక్కడో తేడా పసిగట్టి ముందుకు జరుపుకుని కొట్టారని నా అనుమానం. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. అంటే ఊరేగింపులో పది మీటర్ల ముందు నడిచే క్లారినెట్టు, వెనకున్న డ్రమ్ము చెవికి ముప్పై మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ముప్పై ఏళ్లు ఆ ఆలస్యాన్ని కలుపుకుని దరువు నిలబెట్టిన చేయి అది.

రెండో కారణం కూడా ఉంది, ఇది కొంచెం లోతు. మీరు తీసిన తేలిక పాఠం నాలుగు లెక్కల సమ నడక అయి ఉంటుంది. మన ఊరేగింపు దరువు, తీన్మార్ అనండి మరొకటి అనండి, అలా సమంగా నడవదు. "టక టక" అన్నప్పుడు మొదటి ట కొంచెం సాగుతుంది, వెనక క దానికి తగ్గట్టు కురచ అవుతుంది. నిమిషానికి 100 లెక్కల వేగం అనుకుందాం. ఒక లెక్కకు 600 మిల్లీసెకన్లు. సమ నడకలో నడిమి దెబ్బ సరిగ్గా 300 దగ్గర పడాలి. లెక్కను మూడు చేసి మూడో దాని మీద కొడితే 400 దగ్గర పడుతుంది. తేడా 100 మిల్లీసెకన్లు. కాళ్లను ఆడించేది ఆ తేడాయే, యాప్ తప్పు అని కొట్టేసేదీ దాన్నే. మీ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని రాశారు చూడండి, మీ చెవి యాప్ కంటే ముందే తీర్పు ఇచ్చింది.

నాకూ ఒకసారి ఇలాంటిది జరిగింది. మా అమ్మ పాడే బతుకమ్మ పాట ఒకటి బడిపిల్లలకు నేర్పుదామని నొటేషన్‌లో రాశాను. స్వరం ఒక్కటి పోకుండా రాశాననుకున్నాను. కంప్యూటర్‌లో వినిపిస్తే అమ్మ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి, రెండు చుట్లు చూసి, చేతులు దించేసింది. "పాట గిదే, నడక గిది కాదు" అంది. నేను అన్నీ సమంగా రాశాను. ఆమె అడుగు సమంగా పడదు. మళ్లీ కూర్చుని మూడు లెక్కల్లోకి మార్చి రాస్తే అప్పుడు చప్పట్లు పడ్డాయి. నొటేషన్‌కు ఏం తెలియదో చెప్పగలిగేది ఆ పాట బతికిన మనిషే అని నాకు ఆ రోజు అర్థమైంది. నాన్నగారి విషయంలో నేను చెప్పబోయేది అంతా దీని చుట్టే తిరుగుతుంది.

ముందు యంత్రాల సంగతి తేల్చుకుందాం.

రెండు సాఫ్ట్‌వేర్లూ తెరిస్తే ఒకదానికి కిట్ కనిపించదంటున్నారు. కిట్ తన దెబ్బల కబురు కంప్యూటర్‌కు పంపే పద్ధతిని మిడి అంటారు. కొత్త మార్పులు రాని విండోస్‌లో చాలా పరికరాల మిడి దారి ఒకసారి ఒక ప్రోగ్రామే పట్టుకుంటుంది. ముందు తెరిచినదాని చేతిలో ఆ దారి ఉండిపోతుంది, రెండోదానికి దొరకదు. చెడిపోయిందేమీ లేదు. ఒకటి పూర్తిగా మూసి రెండోది తెరవండి. ఒక దెబ్బకు రెండు మోతలు ఎందుకంటే, కిట్ తన మాడ్యూల్‌లోని (శబ్దం పుట్టించే డబ్బా) శబ్దం ఒకటి వినిపిస్తోంది, ల్యాప్‌టాప్ తనది ఇంకొకటి కాసేపాగి వినిపిస్తోంది. సాధనకు మాడ్యూల్ శబ్దమే ఉంచుకుని సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్ మోత తగ్గించేయండి. ల్యాప్‌టాప్ శబ్దమే కావాలంటే శబ్దాన్ని త్వరగా పంపే ఏసియో డ్రైవర్ పెట్టుకుని బఫర్ (శబ్దాన్ని పంపేముందు కాసేపు పోగేసే జాగా) తగ్గించాలి. 512 శాంపిళ్ల (శబ్దపు తునకల) బఫర్ అంటే సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు మీద దాదాపు 11.6 మిల్లీసెకన్లు, డ్రమ్ముకు నాలుగు మీటర్ల అవతల కూర్చుని విన్నంత ఆలస్యం. 128కి దించితే మూడు మిల్లీసెకన్లు కూడా ఉండదు. ల్యాప్‌టాప్ తట్టుకోలేకపోతే చిటపటలు వినిపిస్తాయి, అప్పుడు 256 దగ్గర ఆగండి.

హై-హ్యాట్ మాయం కావడం నంబర్ల తేడా. కిట్ మీద ప్రతి దెబ్బా మిడిలో ఒక నంబరుగా పోతుంది. 1991లో ఏర్పడిన జనరల్ మిడి పద్ధతిలో కిక్ 36, స్నేర్ (సైడ్ డ్రమ్ లాంటిది) 38, మూసిన హై-హ్యాట్ 42, తెరిచినది 46. కానీ కొన్ని కిట్లు హై-హ్యాట్ అంచు మీది దెబ్బకు 22, 26 అని పంపుతాయి. ఆ నంబర్లకు జనరల్ మిడి డ్రమ్ముల పట్టీలో చోటు లేదు, అందుకని నొటేషన్‌లో ఆ దెబ్బలు కనిపించవు. స్నేర్ అంచు కూడా ఇంతే, చాలాసార్లు 40గా పోయి వేరే వాయిద్యం పేరు తగిలించుకుంటుంది. సైడ్ డ్రమ్ వాయించినవాళ్లు అంచు బాగా వాడతారు కాబట్టి నాన్నగారి వాయింపులో ఇది ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఒక కాగితం తీసుకుని ఒక్కో ప్యాడ్ మధ్యలో, అంచు మీద కొట్టి, ఏ నంబరు పోతోందో రాసుకోండి. మాడ్యూల్ సెట్టింగుల్లో ఆ నంబర్లు మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. కంప్యూటర్ ల్యాబ్ నడిపే మీకు ఇది ఒక సాయంత్రం పని.

చీమల సంగతి మాత్రం సెట్టింగుతో పోయేది కాదు. క్లిక్ లేకుండా వాయించిన దానికి, బార్ గీతలకు సంబంధమే ఉండదు. మిడి ఫైల్‌లో వేగం చెప్పకపోతే నిమిషానికి 120 అనే లెక్క. నాన్నగారు 100 వేగంతో కొడితే సాఫ్ట్‌వేర్ స్కేలు మీద ఆయన దెబ్బలు 1, 2, 3 దగ్గర పడవు, 1.2, 2.4, 3.6 దగ్గర పడతాయి. పాపం ఆ సాఫ్ట్‌వేర్ 1.2ను ఎలాగోలా రాయాలని ముప్పై రెండో వంతు నోట్లు, వాటికి ముడులు, మధ్య విరామాలు అన్నీ పేరుస్తుంది. అదే మీరు చూసిన చీమల బారు. ఏ మనిషి చెవీ ఆ దరువును అలా వినదు.

అందుకే మీ ప్రశ్నను కొంచెం మారుస్తాను. రెండింటిలో ఏది వదలాలి అని అడిగారు. నేనైతే ఏ దిక్కుగా నడపాలి అని అడుగుతాను. ఇప్పుడు మీరు కిట్ నుంచి నొటేషన్ వైపు నడపాలని చూస్తున్నారు: వాయిస్తే అదే రాసుకోవాలని. దీన్ని తిప్పండి. చెవితో విని, మౌస్‌తో ఒక్కో నోటూ మ్యూజ్‌స్కోర్‌లో పెట్టండి. తర్వాత దాన్ని మిడి ఫైల్‌గా బయటికి తీసి సాధనకు వాడుకోండి. మీ యాప్ బయటి మిడి ఫైల్ తీసుకుంటుందో లేదో ముందు చూడండి, అన్నీ తీసుకోవు. తీసుకోకపోతే మ్యూజ్‌స్కోర్ చాలు. అందులో కావాల్సిన బార్లను మళ్లీ మళ్లీ తిప్పవచ్చు, లెక్క చెప్పే మెట్రోనోమ్ పెట్టుకోవచ్చు, వేగం తగ్గించవచ్చు. మార్కులు వేయదు. కొన్నాళ్లు మార్కులు లేని సాధన మీకు మేలే చేస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు మీ సొంత కష్టం, క్వయర్ షీట్లు. 96 వచ్చేవాడికి ఒక్క బార్ చదవరాకపోవడం ఎలా అని మీరు సిగ్గుపడుతున్నారు. ఇందులో వింత లేదు. జారే ముక్క గీతకు తగలగానే కొట్టడం ఒక విద్య, అది మీకు వచ్చింది. షీట్ మీద ఏదీ జారదు. నాలుగు లెక్కల దూరం ముందే చూసి, లోపల పలుక్కుని, తర్వాత కొట్టాలి. ఇది వేరే విద్య, దీన్ని మీరు ఇంకా మొదలుపెట్టలేదు. ఆ పిల్లాడి నవ్వును అంతకంటే పెద్దది చేసుకోకండి.

మీ ముందు మూడు దారులున్నాయి. యాప్ పూర్తిగా మానేసి షీట్ల మీదే కూర్చోవచ్చు. చదవడం త్వరగా వస్తుంది, కానీ రోజూ కూర్చునే అలవాటును మీకు చేసింది ఆ యాపే, అది తీసేస్తే పదిరోజుల్లో కుర్చీ ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. లేదా యాప్‌లో మామూలు నొటేషన్ చూపించే పద్ధతి ఉంటే దానికి మారవచ్చు. సుఖమైన దారే, కాకపోతే తెర కదులుతున్నంత సేపూ కన్ను దాన్నే నమ్ముకుంటుంది. మూడోది, నాకు నచ్చేది: మొదటి పది నిమిషాలు యాప్‌తో చేతులు వేడి చేసుకోండి. మూసేయండి. మాస్టారిచ్చిన షీట్‌లో రోజుకు నాలుగు బార్లు మ్యూజ్‌స్కోర్‌లోకి చూసి ఎక్కించండి. షీట్ మీది ఐదు గీతల్లో కింది ఖాళీలో కిక్, పై నుంచి రెండో ఖాళీలో స్నేర్, పై గీతకు పైన ఇంటూ గుర్తుతో హై-హ్యాట్, ఇలా మీ చేత్తో పెట్టిన నోటును కన్ను మరిచిపోదు. ఎక్కించాక వినకుండా ముందు నోటితో పలకండి. తర్వాత వినిపించుకుని సరిచూసుకోండి. ఆఖరున కొట్టండి. ఈ వరస మార్చకండి. ముందే వింటే మీ చెవి బలం వల్ల కన్ను మళ్లీ పని ఎగ్గొడుతుంది. క్రిస్మస్‌కు షీట్లన్నీ చూసి చదివేయగలరని నేను మాటివ్వలేను. ఏ షీట్ దగ్గర ఎక్కడున్నారో తెలిసేంత, తప్పినా మళ్లీ పట్టుకునేంత వస్తుంది. మాస్టారికి కూడా ఉన్నదున్నట్టు చెప్పి, షీట్లు ఒక వారం ముందు ఇవ్వమని అడగండి. చెవితో నేర్చుకున్న డ్రమ్మరు చదవడానికి తంటాలు పడుతున్నాడంటే ఏ మాస్టారైనా సంతోషిస్తారు.

నాన్నగారి దరువుల దగ్గరికి వస్తాను.

"రాస్తే దరువు సచ్చిపోతది" అన్నమాటను మొండితనం అనుకోకండి. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. మన రామప్పే చూడండి. ఆ గుడి రాళ్ల మీద నర్తకులున్నారు, వాయించేవాళ్లున్నారు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్యం గురించి సంస్కృతంలో గ్రంథమే రాశాడు. ఆ రాతా ఆ రాళ్లూ ఉండబట్టే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలపు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టగలిగారు. అవి లేకపోతే పేరు తప్ప ఏమీ మిగిలేది కాదు. కానీ కాలు ఎంత ఎత్తాలో రాయి చెప్పగలదు గానీ, ఆ కాలి కింద మద్దెల ఏ ఊపులో నడిచిందో చెప్పలేదు. ఆ ఊపు వాయించేవాడితోనే పోయింది. నాన్నగారి భయం అదే. మీ భయం కూడా అదే కదా, రెండు వైపుల నుంచి ఒకే గోడను తడుముతున్నారు మీరిద్దరూ.

రాయడానికి దారులు ఇవి. ఆయన్ను క్లిక్ పెట్టుకుని కిట్ మీద వాయించమనవచ్చు. నొటేషన్ శుభ్రంగా వస్తుంది, చీమలుండవు. కానీ క్లిక్‌కు కట్టేస్తే ఆయన దరువు అది కాదు, పైగా మళ్లీ ఆ డబ్బా ముందే కూర్చోబెట్టినట్టు. ఈ దారి నేను వద్దంటాను. రెండోది, ఆయన ఇష్టం వచ్చినట్టు వాయిస్తుంటే రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పట్టి, తర్వాత ఆయన వేగానికి తగ్గట్టు బార్ గీతల్ని జరుపుకోవడం. గీతలు మనిషి వెంట నడుస్తాయి, అది దీని అందం. ఒక్కో దెబ్బ ఎంత ముందు పడింది, ఎంత వెనక పడింది అన్నీ మిగులుతాయి. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి. ఇప్పుడే కాదు, క్వయర్ ఒత్తిడి తీరాక మొదలుపెట్టండి. మూడోది చాలా తేలిక: ఫోను. సజ్జ మీద నుంచి ఆ సైడ్ డ్రమ్ దించండి. తోలో ప్లాస్టిక్కో, మీద ఏదుంటే అది, వదులైతే బిగించి, ఆయన చేతికివ్వండి. రెండు చేతులూ కనిపించేలా ఫోను పెట్టి వీడియో తీయండి. ఎలక్ట్రానిక్ కిట్ రబ్బరు మీద పుల్ల లేచే తీరు వేరు, ఆయన చేతికి అలవాటైన లేవడం వేరు. ఆయన దరువు ఆయన డ్రమ్ము మీదే పుడుతుంది. వీడియో ఉంటే ఏ చేయి ముందు పడింది, ఎక్కడ అంచు తగిలింది అన్నీ మీకు తర్వాత దొరుకుతాయి. ఈ మూడోదానితో మొదలుపెట్టి రెండోదానికి వెళ్లండని నా సలహా.

వీడియో చూసి మీరే రాయండి. ఐదు గీతలు అక్కర్లేదు, మ్యూజ్‌స్కోర్‌లో ఒకే గీత ఉండే తాళవాద్య స్టాఫ్ (నోట్లు పెట్టే గీతల వరస) ఉంటుంది. నోట్ల కింద పాట మాటలు రాసే చోట ఆయన నోటి పలుకులు పెట్టండి: డం, టక, జిం, ఆయన ఏమంటే అది. ఆయనకు నొటేషన్ రాకపోయినా తన పలుకులు తెలుసు, కాగితం ఆయనకూ కొంత అర్థమవుతుంది. ఆయన ఒక చేతి దెబ్బకు ముందు రెండో చేతితో చిన్నగా తగిలించేదాన్ని బయట ఫ్లామ్ అంటారు, రెండు చిన్నవి తగిలిస్తే డ్రాగ్ అంటారు. పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే తాళవాద్యాల సంఘం వాళ్లు ఇలాంటివి నలభై పట్టీ వేశారు. బ్యాండు సైడ్ డ్రమ్ము బ్రిటిష్ పటాలాల వెంట వచ్చిన వాయిద్యం కాబట్టి వాటిలో కొన్ని పేరు తెలియకుండానే ఆయన చేతిలో ఉంటాయి. చూపించండి. "నాన్నా, నువ్వు కొట్టేదానికి గీడ పేరున్నది" అని చెప్పండి.

ఇక నడక. సమంగా రాసిన నోట్లను ఊపుతో వినిపించడానికి మ్యూజ్‌స్కోర్‌లో స్వింగ్ అనే సెట్టింగు ఉంది. దాని అంకె 50 దగ్గర ఉంటే సమ నడక, 66 దగ్గర ఉంటే లెక్కను మూడు చేసినట్టు. రాసింది ఒకటి 50తో వినిపించండి. "గిది కాదు" అంటారు, అననివ్వండి. 58 పెట్టండి. 62 పెట్టండి. ఎక్కడో ఒకచోట ఆయన కాలు కదులుతుంది. ఆ అంకె రాసి, పక్కన తేదీ వేసుకోండి. ఆయన చేయి ఒక్కోసారి ఒక్కోలా నడుస్తుంది కాబట్టి రేపు ఇంకో అంకె అనవచ్చు, అది కూడా రాసుకోండి. ఇలా కూర్చుంటే ఆయన పరీక్ష రాసేవాడు కాదు, దిద్దేవాడు. వాయించే ఓపిక లేని రోజున కూడా దిద్దగలరు. అరవై నాలుగేళ్లకు చేతులు ఇంకా ఎన్నాళ్లు సహకరిస్తాయో మీకూ తెలుసు, ఆ ఆరాటం ఉత్తరం నిండా ఉంది. అయినా తొందరపెట్టకండి. మీ ఆవిడ అన్నది కూడా అదే, ఆమె మాటలో న్యాయం ఉంది. ఆయన వద్దు అంటే ఆ రోజుకు ఆపేయండి. వీడియోలు తీయనిచ్చి, నొటేషన్ మాత్రం వద్దని అంటే అదీ ఆయన హక్కే. మీరు నేర్చుకుని, మీ చేతిలోకి తెచ్చుకోవడం కూడా ఒక దారి. అప్పుడు రాయాలా వద్దా అన్నది మీ చేతిలో ఉన్న దరువు గురించి మీరు తీసుకునే నిర్ణయం అవుతుంది.

ఇంటి ఓనరు కోపం న్యాయమైనదే. కిక్ పెడల్ అదురు గాలిలో పోదు, స్లాబులో దిగుతుంది. గోడలకు నురగ అంటించి లాభం లేదు. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య టెన్నిస్ బంతులు అమర్చి చిన్న అరుగులా చేసి, కిట్‌ను దాని మీద పెట్టండి. అదురు బాగా తగ్గుతుంది. తొమ్మిది దాటాక పెడల్ వద్దు, చేతులు మాత్రమే. ఈ రెండూ చేశాక వెళ్లి ఆయనతో ఒక మాట మాట్లాడండి.

వీటన్నింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ 61 ఎలా వచ్చిందో నాన్నగారికి తెలియాలి. "యాప్‌దే తప్పు నాన్నా" అంటే ఓదారుస్తున్నావనుకుంటారు. మిల్లీసెకన్ల లెక్క చెబితే వినరు. అందుకని ఒక సాయంత్రం ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అదే బ్లూటూత్ స్పీకర్ పెట్టండి. అదే పాఠం తీయండి. యాప్‌లో ఏదీ సరిచేయకండి. ఈసారి మీరు కూర్చుని, ఆయనలాగే కళ్లు మూసుకుని, చెవికి వినిపించిన దానికి కొట్టండి. అయ్యాక తెర మీద మీ 96 ఎంతకు పడిపోయిందో ఆయన్నే చదవమనండి.